పురుగులు కడుపులో పుట్టవు

(తల్లిదండ్రులు, ఉపాధ్యాయుల కోసం ఒక పిల్లల డాక్టరు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక వరుసలో వాళ్లకి వినిపిస్తోందా? చెయ్యెత్తండి. సరే, మొదలుపెడతాను.

నా దగ్గరికి పిల్లల్ని తీసుకొచ్చే తల్లుల్లో చాలామంది ఒకే మాటతో మొదలుపెడతారు. "తీపి పూర్తిగా మాన్పించేశాను డాక్టరుగారూ, అయినా వీడి కడుపులో పురుగులు పోవడం లేదు." పక్కనే కూర్చున్న ఆ పిల్లాడు నా వంక అదోలా చూస్తుంటాడు, ఈవిడైనా నాకు న్యాయం చేస్తుందేమో అని. కాబట్టి ముందు వాడి సంగతి తేల్చేసి తర్వాత మిగతా విషయాల్లోకి వెళ్దాం. తీపి తింటే కడుపులో పురుగులు పుట్టవు. పళ్లు పాడవుతాయి, అది వేరే గొడవ. పురుగు అనేది అసలు కడుపులో పుట్టేది కాదు. మీ బిడ్డ పేగుల్లో పది పురుగులు ఉన్నాయంటే, పది గుడ్లో పది పిల్లపురుగులో బయటి నుంచి లోపలికి వెళ్లాయన్నమాట. ఏ ఒక్కటీ లోపల తయారైంది కాదు.

ఈ ఒక్క ముక్క పట్టుకుంటే మిగతాదంతా అర్థమైపోతుంది. జ్వరం తెచ్చే సూక్ష్మజీవులు ఒంట్లోకి కాసిని వెళ్లినా అక్కడే లక్షలవుతాయి. పేగు పురుగులు అలా కాదు. అవి లోపల గుడ్లు పెడతాయి, కానీ ఆ గుడ్లు పేగులో పొదగవు. బయటికి రావాలి, బయట కొంతకాలం ఉండాలి, మళ్లీ ఎవరో ఒకరి ఒంట్లోకి చేరాలి. ఒకటి రెండు అరుదైన జాతులు ఈ పద్ధతి తప్పుతాయి గానీ ఈ రోజు వాటి జోలికి పోను. పిల్లల్లో మనం మామూలుగా చూసే పురుగుల సంఖ్య పెరగాలంటే బయటి నుంచి మళ్లీ మళ్లీ రావాల్సిందే. అందుకే కొద్ది పురుగులున్న పిల్లలకి ఏ ఇబ్బందీ తెలియదు. ఎక్కువ ఉన్నవాళ్లే జబ్బు పడతారు. ఇంకో విచిత్రం కూడా ఉంది. ఒక చోట ఉన్న పురుగులన్నీ లెక్కపెడితే, వాటిలో ఎక్కువ భాగం కొద్దిమంది కడుపుల్లోనే ఉంటాయి.

మనం అన్నిటినీ కలిపి నులిపురుగులు అనేస్తాం. కానీ అవన్నీ ఒకటి కాదు, వచ్చే దారులు కూడా ఒకటి కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం నేల ద్వారా సోకే ఈ పురుగులు ప్రపంచంలో సుమారు 150 కోట్ల మందికి ఉన్నాయి. వాటిలో మూడు రకాలు ముఖ్యం. ఏలికపాములు, కొంకిపురుగులు, కొరడా పురుగులు. ఇవి కాక నాలుగో రకం ఇంకోటుంది, రాత్రిళ్లు పిల్లల్ని నిద్రపోనివ్వని పిన్‌వార్మ్. దానికి నేలతో సంబంధం లేదు. దాని గురించి విడిగా మాట్లాడాలి, ఎందుకంటే అక్కడ నేనే ఒకసారి బోల్తా పడ్డాను.

ఏలికపాము చూడ్డానికి వానపాములా ఉంటుంది. పాలిపోయిన గులాబీ రంగు. ఆడది 20 నుంచి 35 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. ఒక్క ఆడ పురుగు రోజుకి దాదాపు 2 లక్షల గుడ్లు పెడుతుంది. అవి కంటికి ఆనవు. మలంతో బయట పడ్డ రోజు ఆ గుడ్డు ఎవరినీ ఏమీ చెయ్యలేదు. తడి, నీడ ఉన్న నేలలో రెండు మూడు వారాలు గడిస్తే దాని లోపల పిల్లపురుగు తయారవుతుంది. అప్పటి నుంచి అది ప్రమాదం. పెంకు ఎంత గట్టిదంటే, అనుకూలమైన మట్టిలో ఏళ్ల తరబడి చెక్కుచెదరకుండా ఉంటుంది. పైగా బంకబంకగా ఉంటుంది, వేళ్లకి, గోళ్ల సందుల్లోకి, ఆకుకూరలకి, ఆటబొమ్మలకి అతుక్కుంటుంది. పిల్లలు మట్టిలో ఆడతారు, ఆ చెయ్యి నోట్లో పెట్టుకుంటారు. అంతే, పని అయిపోయింది.

ఇక లోపల జరిగేది వింటే మీకు నమ్మబుద్ధి కాదు. చిన్న పేగులో గుడ్డు పగిలి పిల్లపురుగు బయటికొస్తుంది. ఎలాగూ పేగులోనే బతకాల్సింది కదా, అక్కడే ఉండిపోవచ్చు. ఉండదు. పేగు గోడ తొలుచుకుని రక్తంలో పడుతుంది, కాలేయం మీదుగా గుండెకి, అక్కడి నుంచి ఊపిరితిత్తులకి చేరుతుంది. అక్కడ 10 నుంచి 14 రోజులు పెరిగి, గాలిగొట్టాల వెంట పైకి పాకి గొంతులోకి వస్తుంది. పిల్లాడు దాన్ని మింగేస్తాడు. మళ్లీ పేగులోకి దిగి అప్పుడు స్థిరపడుతుంది. గుడ్డు మింగిన రోజు నుంచి ఆ పురుగు తన గుడ్లు తాను పెట్టేదాకా 2 నుంచి 3 నెలలు. తర్వాత ఏడాది, రెండేళ్లు బతుకుతుంది.

ఈ చుట్టు ప్రయాణం మనిషిలోనూ జరుగుతుందని ఎలా తెలిసిందో చెప్పనా? 1922లో జపాన్‌లో షిమెసు కోయినో అనే పిల్లల డాక్టరు ఏలికపాము గుడ్లు 2,000 తానే మింగేశాడు. కొద్ది రోజులకి న్యుమోనియాలాంటి జబ్బుతో మంచాన పడ్డాడు, దగ్గితే వచ్చిన కళ్లెలో పిల్లపురుగులు కనిపించాయి. మా వృత్తిలో ఇలాంటి మొండివాళ్లు అప్పుడప్పుడు పుడుతుంటారు. (నవ్వులు) మీరు మాత్రం అంత దూరం వెళ్లకండి. దీంట్లో మనకి పనికొచ్చేది ఏమిటంటే, పురుగు ఊపిరితిత్తుల్లో ఉన్న రోజుల్లో పిల్లలకి పొడి దగ్గు, పిల్లికూతలు రావచ్చు. అప్పుడు మల పరీక్ష చేస్తే గుడ్లు కనిపించవు, ఎందుకంటే ఇంకా గుడ్లు పెట్టే పురుగే లేదు. ఒక్క మాత్ర వేసినా దారిలో ఉన్నవాటి మీద దాని ప్రభావం పెద్దగా ఉండదు.

కడుపులో ఏలికపాములు బాగా ఎక్కువైతే ఒకదానికొకటి చుట్టుకుని పేగుని మూసేస్తాయి. ఒక్కోసారి పిత్తనాళంలోకి దూరతాయి. పిల్లకి కడుపు ఉబ్బి, మెలిపెట్టే నొప్పి, ఆగని వాంతులు, విరేచనం కాకపోవడం, ఇవన్నీ కలిసి వస్తే ఇంట్లో పురుగుల మందు వేసి చూద్దాం అనుకోవద్దు. నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

కొంకిపురుగు కథ వేరు. అది సెంటీమీటరు పొడవు. నోటితో పేగు గోడని పట్టుకుని రక్తం తాగుతుంది. ఇది మన ఒంట్లోకి ఎక్కువగా నోటి ద్వారా రాదు, అరికాలి ద్వారా వస్తుంది. నేల మీద గుడ్డు పగిలి, పిల్లపురుగు వారం పది రోజుల్లో సిద్ధమై, కాలు తగలగానే చర్మం తొలుచుకుని లోపలికి పోతుంది. ఇది మాత్రం అనుకోకుండా తెలిసింది. 1898లో కైరోలో ఆర్థర్ లూస్ అనే శాస్త్రవేత్త చేతి మీద ఈ పిల్లపురుగులున్న నీళ్లు ఒలికిపోయాయి. చర్మం దురద పెట్టి ఎర్రబడింది. కొన్నాళ్ల తర్వాత ఆయన మలంలోనే గుడ్లు కనిపించాయి.

ఒక్కో కొంకిపురుగు రోజుకి తాగే రక్తం చాలా కొద్ది. కానీ ఒకటి కాదు కదా. పదులు, వందలు నెలల తరబడి తాగుతుంటే, అసలే తిండి అంతంత మాత్రంగా ఉన్న పిల్లలో ఐరన్ నిల్వలు అడుగంటిపోతాయి. ఇక్కడ టీచర్లు ఉన్నారు కాబట్టి చెబుతున్నా. చివరి బెంచీలో తల వాల్చేసే పిల్ల, ఆటల పీరియడ్‌లో రెండు రౌండ్లు పరిగెత్తి కూర్చుండిపోయే పిల్ల, అరచేతులు తెల్లగా పాలిపోయిన పిల్ల కనిపిస్తే, బద్ధకం అని ముద్ర వేసేయకండి. రక్తపరీక్ష చేయించమని ఇంటికి కబురు పెట్టండి. మట్టి, సుద్దముక్కలు తినే పిల్లల విషయంలోనూ అంతే. ఐరన్ తక్కువైతే మట్టి తినాలనిపిస్తుంది, మట్టి తింటే పురుగుల గుడ్లు వెళ్తాయి. ఇదొక విషవలయం. ఇంకో మాట, పురుగుల మందు వేసినంత మాత్రాన పోయిన రక్తం తిరిగి రాదు. దొంగని వెళ్లగొట్టినంత మాత్రాన పోయిన సొమ్ము బీరువాలోకి రాదు కదా. డాక్టరు చెప్పినన్ని నెలలు ఐరన్ మందు కూడా పడాలి.

కొరడా పురుగు గురించి రెండు మాటలు చాలు. పెద్దపేగులో ఉంటుంది. బాగా ఎక్కువైతే జిగట, రక్త విరేచనాలు అవుతాయి. కొందరు పిల్లలకి ముక్కినప్పుడు ఆసనం జారి బయటికొస్తుంది. మందులకి అన్నిటికంటే మొండిది ఇదే.

ఇప్పుడు పిన్‌వార్మ్. తెల్లని దారపు ముక్కలా, సెంటీమీటరు అటూ ఇటుగా ఉంటుంది. పిల్ల నిద్రపోయాక ఆడపురుగు ఆసనం బయటికి వచ్చి, అక్కడి చర్మం మీద వేల గుడ్లు పెడుతుంది. దురద పుడుతుంది. పిల్ల నిద్రలోనే గోక్కుంటుంది, గుడ్లు గోళ్లలోకి వెళ్తాయి, గోళ్లు నోట్లోకి. ఈ గుడ్లు కొన్ని గంటల్లోనే సిద్ధమైపోతాయి. దుప్పట్ల మీద, తలుపు గొళ్లాల మీద రెండు మూడు వారాలు బతుకుతాయి. మెరిసిపోయే శుభ్రమైన ఇళ్లలోనూ ఇది వస్తుంది. దీనికి సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

నేను బోల్తా పడ్డానన్నాను కదా. ప్రాక్టీసు పెట్టిన కొత్తలో ఒక ఆరేళ్ల పాపకి ఈ పురుగులు ఉన్నాయని మాత్ర రాసి పంపించాను. నెల తిరగకుండా మళ్లీ వచ్చారు. మళ్లీ మాత్ర. మూడోసారి వచ్చినప్పుడు వాళ్ల నాన్నకి కోపమొచ్చింది, మందు మార్చమన్నారు. నేను మార్చేదాన్నే కూడా. అంతలో ఆ పాప పక్కన కూర్చున్న తమ్ముడు కుర్చీకి వెనకభాగం రాసుకుంటూ ఏడుస్తున్నాడు. అప్పుడు వెలిగింది నాకు. ఇంట్లో అందరికీ ఉంది, మందు ఒక్కళ్లకే వేస్తున్నాను! పిన్‌వార్మ్‌కి వైద్యం పిల్లకి కాదు, ఇంటికి చెయ్యాలి. ఇంట్లో అందరూ ఒకే రోజు మాత్ర వేసుకోవాలి, మరీ పసివాళ్లకీ గర్భిణులకీ మాత్రం డాక్టరుని అడిగి. రెండు వారాలకి మళ్లీ వేసుకోవాలి, ఎందుకంటే మొదటి మాత్ర పురుగుల్ని చంపుతుంది గానీ గుడ్ల మీద అంతగా పని చెయ్యదు. ఆ రెండు వారాలూ పొద్దున్న లేవగానే పిల్లలకి స్నానం, లోదుస్తులు మార్చడం, గోళ్లు పొట్టిగా కత్తిరించడం. దుప్పట్లు దులపకండి, దులిపితే గుడ్లు గాల్లోకి లేస్తాయి. అలాగే తీసి వేడి నీళ్లలో ఉతకండి.

దీన్ని కనిపెట్టడానికి మల పరీక్ష సరిపోదు, గుడ్లు మలంలో కాదు చర్మం మీద ఉంటాయి కాబట్టి. పొద్దున్నే స్నానానికి ముందు, దొడ్డికి వెళ్లకముందు, పారదర్శకంగా ఉండే సెల్లోటేపు ముక్కని ఆసనం దగ్గర అద్ది, గాజు స్లైడు మీద అంటించి ల్యాబుకి ఇస్తారు. వరసగా మూడు రోజులు చేస్తే దాదాపుగా దొరికిపోతుంది. దానికంటే తేలిక, పిల్ల నిద్రపోయిన రెండు మూడు గంటలకి టార్చిలైటు వేసి చూడటం. తెల్ల దారాలు కదులుతూ కనిపిస్తాయి.

మందుల సంగతి చెబుతాను. ఎక్కువగా వాడేది ఆల్బెండజోల్. రెండేళ్లు నిండిన పిల్లలకి 400 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి, ఒక్కసారి. ఏడాది నుంచి రెండేళ్ల లోపు వాళ్లకి అందులో సగం, 200 మిల్లీగ్రాములు. బళ్లలో మెబెండజోల్ ఇస్తే అది 500 మిల్లీగ్రాములు. ఏడాది లోపు పసివాళ్లకి సొంతంగా వేయకండి. ఈ మందులు పురుగు కణాల లోపలి నిర్మాణాన్ని దెబ్బతీస్తాయి, దాంతో అది చక్కెరని పీల్చుకోలేదు, ఆకలితో మాడి చస్తుంది. పిల్లాడికి తీపి మాన్పించి మనం చెయ్యాలనుకున్న పని మాత్ర చేస్తోందన్నమాట, కాకపోతే పురుగుకి! (నవ్వులు) దానికోసం పిల్లల్ని పస్తు పెట్టక్కర్లేదు, విరేచనాల మందు తాగించక్కర్లేదు. అవి పాత మందుల కాలం నాటి పద్ధతులు.

మాత్ర నమిలి మింగమనండి. చిన్న పిల్లలకి రెండు చెంచాల మధ్య పెట్టి నలిపి, నీళ్లలో కలిపి ఇవ్వండి. ఇది మాత్రం గట్టిగా చెబుతున్నాను, ఏడుస్తున్న పిల్లల ముక్కు మూసి, నోరు తెరిచి మాత్ర వేయకండి. ఊపిరి పీల్చినప్పుడు అది గాలిగొట్టంలో ఇరుక్కుంటే ప్రాణం మీదికి వస్తుంది. పురుగుల వల్ల ఆ పూట ఎవరూ చచ్చిపోరు. రేపు వేయొచ్చు. జ్వరంతో ఉన్న పిల్లకి తగ్గాక వేద్దాం. ఎప్పుడైనా ఫిట్స్ వచ్చిన పిల్లలైతే ముందు డాక్టరుకి చెప్పండి. మెదడులో బద్దెపురుగు తిత్తులు ఉంటే ఈ మందుకి వాటి చుట్టూ మెదడు వాచే ప్రమాదం ఉంది.

ఒక్క మాత్రతో అన్నీ పోతాయా? ఆల్బెండజోల్ ఒక్క మోతాదుకి ఏలికపాములు నూటికి 95 మందిలో పోతాయి, కొంకిపురుగులు 80 మందిలో, కొరడా పురుగులు 30 మందిలోనే. అందుకే కొరడా పురుగుకి మూడు రోజులు వాడతాం. అసలు చిక్కు అది కూడా కాదు. మందు వేసిన ఆరు నెలలకి చూస్తే, ఏలికపాముల విషయంలో మొదట ఉన్న స్థాయిలో దాదాపు మూడింట రెండు వంతులు వెనక్కి వచ్చేస్తున్నాయి. ఏడాదికి దాదాపు మొదటికే. మందు తప్పు కాదు. మందు కడుపుని ఖాళీ చేస్తుంది, దారిని మూయదు. పురుగులు ఎక్కువగా ఉన్న చోట ఏడాదికి ఒకసారి, మరీ ఎక్కువైతే రెండుసార్లు పిల్లలందరికీ మందు ఇమ్మని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది అందుకే.

ఇలా అందరికీ మందు పంచితే పిల్లల బరువు, చదువు నిజంగా పెరుగుతాయా అని పరిశోధకులు ఏళ్ల తరబడి కొట్టుకున్నారు. 2015లో అది ఎంత ముదిరిందంటే దానికి 'పురుగుల యుద్ధాలు' అని పేరే పడింది. నాకు ఆ వాదన మంచిదే అనిపిస్తుంది. పురుగులున్న పిల్లకి వైద్యం చెయ్యాలా అన్న దానిలో ఎవరికీ పేచీ లేదు. మాత్ర పంచేసి చేతులు దులుపుకునే వాళ్లని మాత్రం ఆ వాదన కాస్త కుదుపుతుంది.

దారి మూస్తే ఏమవుతుందో దక్షిణ కొరియాలో చూడొచ్చు. 1963లో అక్కడ కడుపునొప్పితో వచ్చిన తొమ్మిదేళ్ల పాపకి ఆపరేషన్ చేస్తే 1,063 ఏలికపాములు బయటపడ్డాయి. పాప బతకలేదు. 1969 నుంచి బడి పిల్లలందరికీ ఏడాదికి రెండుసార్లు మల పరీక్ష మొదలుపెట్టారు. పిల్లలు చిన్న కవరులో నమూనా బడికి తెచ్చి ఇచ్చేవాళ్లు, పురుగులున్న వాళ్లకి మందు వేసేవాళ్లు. 1971లో దేశమంతా పరీక్షిస్తే నూటికి 84 మందిలో ఏదో ఒక పురుగు గుడ్లు ఉన్నాయి. 1997కి ఆ లెక్క 2.4కి దిగింది. మాత్రలు ఒక్కటే కాదు, ఆ ఏళ్లలో మరుగుదొడ్లు మారాయి, పొలాలకి మనుషుల మలం ఎరువుగా వేయడం ఆగింది.

ఇంట్లో మనం చేసేదీ అదే, చిన్న ఎత్తున. పసిపిల్లల మలం ఏం చేస్తుందిలే అని పెరట్లో పడేస్తారు. ఏడాదిన్నర పిల్లాడి మలంలోనూ పెద్దవాళ్ల మలంలో ఉన్న గుడ్లే ఉంటాయి. దాన్నీ మరుగుదొడ్డిలోనే వేయాలి. పిల్లలు బయటికెళ్తే కాళ్లకి చెప్పులు. దొడ్డికి వెళ్లొచ్చాక, తినేముందు, వండేముందు సబ్బుతో చేతులు. పచ్చిగా తినేవి పారే నీళ్లలో రుద్ది కడగడం. తాగే నీటి మీద అనుమానం ఉంటే మరిగించడం. క్లోరిన్ ఈ గుడ్ల పెంకుని ఏమీ చెయ్యలేదు.

ఇక ప్రశ్నలు. అమ్మా, మీరు అడగండి.

*బయటికెళ్తే శానిటైజర్ వాడతాం మేడమ్, చాలదా?*

చాలదమ్మా. శానిటైజర్‌కి ఈ గుడ్లు చావవు. నిజానికి సబ్బుకీ చావవు. కానీ సబ్బు రుద్ది నీళ్లు పోస్తే జారిపోతాయి. మనకి కావాల్సింది చంపడం కాదు, చేతి మీద నుంచి పోవడం. గోళ్ల కింద రుద్దడం మర్చిపోకండి.

*మాత్ర వేశాం, ఒక్క పురుగూ పడలేదు. మందు పని చెయ్యనట్టేనా?*

చాలామంది ఇదే అడుగుతారు. కొంకిపురుగులు మలంలో మీ కంటికి కనిపించవు. ఏలికపాములు పడితే కనిపిస్తాయి గానీ అసలు లేకపోతే ఎక్కడి నుంచి పడతాయి? పడాలని మాత్రం రెండో రోజు ఇంకోటి వేసేయకండి.

*మా పిల్ల నిద్రలో పళ్లు కొరుకుతుంది, బుగ్గల మీద తెల్ల మచ్చలు కూడా. పురుగులే కదండీ?*

కావు, చాలావరకు. పళ్లు కొరికే పిల్లల్లో ఎక్కువమందికి పురుగులు ఉండవు. బుగ్గల మీద ఆ మచ్చలు పొడిచర్మం వల్ల వచ్చేవి. పురుగుల మందు వేసి అవి పోతాయని ఎదురుచూస్తే మచ్చలు అక్కడే ఉంటాయి, మీకు టెన్షన్ మిగులుతుంది.

*మా కుక్క నుంచి వస్తాయా?*

పిన్‌వార్మ్ రాదు, అది మనుషులదే. కుక్కలకి వాటి పురుగులు వాటికి ఉంటాయి, వాటిలో కొన్ని పిల్లల ఒంట్లోకి చేరి దారి తప్పి కళ్లకి, కాలేయానికి కూడా వెళ్లగలవు. పశువుల డాక్టరు చెప్పిన రోజుకి కుక్కకీ మందు వేయించండి.

చివరగా ఆ మాస్టారు.

*బడిలో మాత్రలు వేసిన రోజు నలుగురైదుగురు కడుపునొప్పి, వికారం అంటారు. వాళ్లని చూసి ఇంకో పదిమంది అంటారు. తల్లిదండ్రులు పరిగెత్తుకొస్తారు. ఏం చెయ్యాలి?*

మీరు అన్నది అక్షరాలా నిజం మాస్టారూ. ఆ మొదటి నలుగురిలో పురుగులు ఎక్కువ ఉండి ఉండొచ్చు. అవి చస్తున్నప్పుడు కాస్త నొప్పి, వాంతి, తల తిరగడం మామూలే, చాలామందికి ఆ రోజుకే సర్దుకుంటుంది. వాళ్లని వేరే గదిలో నీడన పడుకోబెట్టి మంచినీళ్లు ఇవ్వండి. వేరే గది ఎందుకంటే, మిగతా పదిమంది చూడకుండా ఉండటానికి. మాత్రలు వేసే ముందు రోజే తల్లిదండ్రులకి ఇలా అవ్వొచ్చని ఒక కాగితం పంపండి. వాంతులు ఆగకపోయినా, కడుపు గట్టిగా ఉబ్బినా, ఊపిరి ఇబ్బంది అయినా మాత్రం ఆలోచించకుండా ఆసుపత్రికి. ఆ నలుగురి పేర్లు రాసి పెట్టుకోండి. ఆరు నెలల తర్వాత మల పరీక్ష ముందుగా వాళ్లకే చేయించాలి, వీలైతే వాళ్ల ఇంట్లో చిన్నవాళ్లకి కూడా.